తెరవని ఫైలు

ట్యునీషియాలోని స్ఫాక్స్ కోర్టులో ప్రసవం కేసు వచ్చిందంటే నిపుణుల సాక్ష్యానికి మొదట డాక్టర్ రాధియాకే కబురు వెళ్తుంది. రిటైరై ఆరేళ్లయినా ఆవిడ పేరు వింటే లాయర్లకు చెమటలు పడతాయి. ఆవిడకో పద్ధతుంది. ఫైలు రాగానే చివరి పేజీలు తనకు కనబడకుండా కూతురు ఎమ్నా చేత కప్పించేస్తుంది. జరిగినదాన్ని ఒక్కో గంట చొప్పున చదువుతూ, ఆ గంటలో తానైతే ఏం చేసేదో రాసుకుంటుంది. ముగింపు తెలిశాక తెలివి చూపించడం గొప్పా, అంటుంది.

ఆ ఉదయం రొట్టె, ఆలివ్ నూనె గిన్నె పక్కకు జరిపి రిపోర్టు మీద సంతకం చేసింది. పై వాటా నుంచి దిగివచ్చిన ఎమ్నా కాఫీ పోస్తోంది.

"అయిపోయిందా అమ్మా?"

"అయింది. బిడ్డ గుండె వేగం పడిపోతోందని పదింటికి నర్సు కబురు పెడితే, ఆ డాక్టరు మహానుభావుడు పదకొండింటికి తీరిగ్గా వచ్చాడు. గంట! ఆ తల్లి సల్వా తప్పు ఇసుమంతైనా లేదు. ఇవాళ జడ్జిగారి ముందు అదే చెప్తాను."

ఎమ్నా కాఫీ పాత్ర ఠక్కున పెట్టింది.

"ఊరందరి గంటలూ లెక్కపెడతావు. నా ఫైలు రెండేళ్లుగా ఆ బీరువాలో పడి ఉంది. ఒక్కసారైనా తెరిచావా?"

నెలలు నిండాక ఎమ్నా కడుపులోనే ఆడపిల్ల పోయింది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"అలాంటివి జరుగుతుంటాయి తల్లీ..."

"కోర్టులో ఎవరైనా ఇలా అంటే ఊరుకుంటావా? కడిగి పారెయ్యవూ!"

"ఆలస్యమవుతోంది. వచ్చాక మాట్లాడుకుందాం."

"వెళ్లు. పరాయివాళ్లకైతే సాక్షివి. నాకు మాత్రం అమ్మవీ కావు, డాక్టరువీ కావు."

రాధియా గుమ్మం దాటింది. ఆ ఫైలు తెరిస్తే ఎవరి తప్పు ఒప్పుకోవాల్సి వస్తుందో ఆవిడకు తెలుసు.

కోర్టులో ఆసుపత్రి తరఫు లాయరు నవ్వుతూ లేచాడు. "అంతా అయిపోయాక వేలెత్తి చూపడం సులువే కదా డాక్టరుగారూ?"

"ఏమైందో తెలియకుండానే చదివాను బాబూ. పదింటి కాగితం దగ్గర 'వెంటనే ఆపరేషన్' అని రాశాను. చివరి పేజీ ఆ తర్వాతే చూశాను."

లాయరు కూర్చున్నాడు. బయట వరండాలో సల్వా వచ్చి ఆవిడ చేతులు పట్టుకుంది.

"ఆ రోజు పొద్దున బరువు మోశాను డాక్టరమ్మా. నేనే చంపుకున్నానని ఏడాదిగా కుమిలిపోతున్నాను. నీ వల్ల కాదని ఒక్కరూ చెప్పలేదు."

రాధియాకు ఎమ్నా గుర్తొచ్చింది. తన కూతురు కూడా ఇలాగే ఏదో మోస్తోందేమో! తన పరువు కాపాడుకోవడానికి తాను రెండేళ్లు నోరు మూసుకుంది.

ఇంటికి రాగానే బీరువా తీసి, ఫైలు పట్టుకుని మేడెక్కింది. కూతురి ఎదుట కూర్చుని మొదటి పేజీ నుంచి పైకి చదివింది. ఎమ్నా సాయంత్రం ఆరింటికి ఆసుపత్రికి చేరిన చోట ఆగింది.

"ఇందులో లేని మాటొకటి చెప్పాలి. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికే బిడ్డ తల్లి నాకు ఫోను చేసింది. బిడ్డ సరిగ్గా కదలడం లేదంది. కోర్టు హడావిడిలో ఉన్న డాక్టరు, తీపి ఏదైనా తాగి పడుకోమంది. అది తప్పు. ఇంకే డాక్టరు చేసినా తప్పనే రాసేదాన్ని."

"నేనే నవ్వుతూ చెప్పానేమో అనుకున్నానమ్మా. గట్టిగా చెప్పి ఉంటే నువ్వు వచ్చేదానివేమో అని..."

"నువ్వు సరిగ్గానే చెప్పావు. నేనే వినలేదు. అప్పుడే వెళ్తే పిల్ల దక్కేదో లేదో నాకు తెలియదు తల్లీ. నీ తప్పు మాత్రం లేదు."

ఎమ్నా వెక్కి వెక్కి ఏడ్చింది. రాధియా దగ్గరికి తీసుకోబోయి, తనకా హక్కుందో లేదోనని ఆగిపోయింది. చాలాసేపటికి ఎమ్నాయే ముఖం తుడుచుకుంది.

"నీ మీద కోపం ఇప్పట్లో పోదు."

"పోనక్కర్లేదు."

"మళ్లీ ఎప్పుడైనా అలా ఫోను చేస్తే ఏమంటావు?"

"ఏమీ అనను. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొస్తాను."

ఎమ్నా తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. "నాకిప్పుడు మూడో నెల అమ్మా. నీకు చెప్పడానికే భయపడ్డాను."