బాపు మైకు కట్ చేసిన అబ్బాయి

టీవీలో మధుసూదన్ నోరు కదులుతోంది. మాట మాత్రం రావడం లేదు.

"టీవీ కరాబైందా ఏందే?" అంటూ పద్మమ్మ లేచి టీవీ నెత్తిన ఒక్కటి చరిచింది.

"కరాబు గాలే అవ్వా. పక్కన కూసున్నోల్లు మొత్తుకునేది ఇనబడుతలేదా?" అంది మనవరాలు తృప్తి.

నిజమే. మిగతా ముగ్గురు గెస్టుల గొంతులూ శుభ్రంగా వినిపిస్తున్నాయి. "నన్ను చెప్పనివ్వండి." "మీరు మాట్లాడేటప్పుడు నేను అడ్డొచ్చానా?" "వచ్చారు! ఇప్పుడూ వస్తున్నారు!" రాష్ట్రం రెండు కావాలా వద్దా అని ఆ ఏడాది రోజూ సాయంత్రం జరిగే చర్చే. ఒక్క తృప్తి తండ్రి, ఊరి ఉద్యమ లీడరు మధుసూదన్ మాటే లేదు. ఆయన వేలు ఊపాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. చివరికి దణ్ణం కూడా పెట్టాడు. అంతా మూగ సినిమా.

శామీర్‌పేట మొత్తం చూస్తోంది. చూడమని పొద్దుటి నుంచీ అందరికీ ఫోన్లు చేసింది ఆయనే.

తృప్తి ఫోన్ పట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. ఆ ఛానెల్లో మైకుల బోర్డు ముందు కూర్చునేది ఫణిభూషణ్. ఆ ఫణిభూషణ్‌నే ఆమె పెళ్లి చేసుకోవాలనుకుంటోంది.

ఇద్దరూ మేడ్చల్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో క్లాస్‌మేట్స్. మొదటిసారి ల్యాబ్‌లో, "సాల్డరింగ్ ఐరన్ ఓసారి ఇస్తారాండి?" అన్నాడతను. "గీ అండీ ఏంది? నేనేమన్న మీ మేనత్తనా?" అంది తృప్తి. సారీ అండి, అన్నాడు. ఇక లాభం లేదని ప్రేమించింది.

చదువయ్యేసరికి ఉద్యోగాలు లేవు. ఆమె ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరింది, అతను న్యూస్ ఛానెల్లో చేరాడు. తెనాలి నుంచి వచ్చి కౌకూర్‌లో ఇల్లు కట్టుకున్న అతని అమ్మానాన్నలు ఈ ఆదివారం శామీర్‌పేట రావాలి. మధుసూదన్ ఇంకా సరేననలేదు. "రానియ్, సూద్దాం" అన్నాడంతే.

బ్రేక్ పడగానే ఫణి ఫోనెత్తాడు.

"బాపు మైకు బంద్ జేసింది నువ్వేనా?"

"నేనే."

"పాగలైనవా?"

"ఆయన 'ఆంధ్రోల్లు' అని మొదలుపెట్టారు తృప్తీ. అక్కడ మా అమ్మా నాన్నగారూ టీవీ ముందే ఉన్నారు, కాబోయే వియ్యంకుణ్ణి చూద్దామని. ఆ తర్వాత మాట వింటే ఆదివారం రారు. భయమేసి మీ నాన్నగారి మైకు మీట కిందికి లాగేశాను."

"తర్వాత ఏమన్నడు మరి?"

"తెలీదు. మైకు దించేస్తే నాకూ వినపడదు. ప్రొడ్యూసర్ కూడా తిట్టాడు. గొడవలో ఒక్క మైకు కూడా మూయకూడదట, అరుపులు కలిస్తేనే జనం చూస్తారట."

"మాట నడ్మ అడ్డమొచ్చుడు గెస్టుల పని గద ఫణీ. నీకేం పని?"

బ్రేక్ అయిపోతోందంటూ అతను ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే బస్టాండ్ హోటల్లో అంజయ్య, "ఏం లీడరూ, గొంతు ఏడ మర్సిపోయి వచ్చినవ్?" అన్నాడట. మధ్యాహ్నానికి ఊరంతా ఆయన పేరు 'మ్యూట్ మధు'. సాయంత్రానికి ఛానెల్లో ఎవరో ఆయనకు అసలు సంగతి చెప్పేశారు.

"గా కౌకూర్ పోరడేనా?" అని కూతురినొక్కటే అడిగాడు. ఆమె తలూపింది. "ఆదివారం ఎవ్వలు రావద్దని జెప్పు."

ఆదివారం ఫణి ఒక్కడే వచ్చాడు. పొద్దుటి నుంచి ఒకటే ముసురు. బస్సు దిగి నడిచొచ్చేసరికి పూర్తిగా తడిసిపోయాడు. వరండాలో కుర్చీలో ఉన్న మధుసూదన్ కూర్చోమనలేదు. పద్మమ్మే తువ్వాల తెచ్చిచ్చింది.

"క్షమించండి సార్. తప్పు నాదే."

"ఆడ నేనేమన్ననో ఎరుకనా నీకు?"

"లేదండి."

"ఆంధ్రోల్లతోని నాకేం పంచాది లేదన్న. కొట్లాట రాష్ట్రం కోసం, మనుషులతోని గాదన్న. ఆదివారం తెనాలోల్లు నా ఇంటికొస్తున్నరు, నా బిడ్డను ఆ ఇంటికే ఇస్తున్న అన్న. దండం బెట్టి మరీ అన్న."

తృప్తి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. కూతురికి ఒక్క ముక్క చెప్పకుండా నేరుగా రాష్ట్రమంతటికీ చెప్పాలనుకోవడం ఆయనకే చెల్లు. నవ్వొచ్చేదే. రాలేదు.

"ఇప్పుడు చెప్పండి సార్. మా నాన్నగారికి ఫోన్ కలుపుతాను" అన్నాడు ఫణి.

"ఇప్పుడు జెప్తే ఊల్లె ఏమంటరు? ఆంధ్ర పిలగాడు నోరు మూయించిండు, మూసుకొని బిడ్డనిచ్చిండు అంటరు. ముంగట సర్పంచ్ ఎలక్షన్లున్నయి." మధుసూదన్ గొంతులో కోపం లేదు. తృప్తికి అందుకే భయం వేసింది. "ఒక్కపారి ధైర్యం జేసి ఆ మాటన్న, కొడుకా. ఎన్నో దినాలు ఆలోచించి అన్న. నువ్వు కోసేసినవ్. ఇగ నాతోని గాదు."

ఫణి తువ్వాల మడిచి కుర్చీ మీద పెట్టి, వానలోకి దిగాడు.

తృప్తి గొడుగు తీసుకుంది.

"ఏడికే?" అంది పద్మమ్మ.

"బస్టాండ్ దాక."

"నడి బజార్ల నుంచా? ఊరంత సూస్తదే!"

"సూడనీ అవ్వా."

మధుసూదన్ లేచి గేటు దాకా వచ్చాడు. ఆపలేదు. రమ్మనీ పిలవలేదు.

ఒక్క గొడుగు ఇద్దరికీ చాలడం లేదు. ఆమె ఎడమ భుజం, అతని కుడి భుజం తడుస్తూనే ఉన్నాయి. అంజయ్య హోటల్లో టీవీ మోగుతోంది. ఎవరో నలుగురు ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు. దాన్ని చూసేవాళ్లే లేరు. టీ గ్లాసులు పట్టుకుని అందరూ ఇటే చూస్తున్నారు.

"వెనక్కి వెళ్లిపో తృప్తీ. అందరూ చూస్తున్నారు."

"గందుకే వచ్చిన."

బస్సొచ్చి ఆగింది. కండక్టర్ తల బయటపెట్టి, "ఎక్కుతరా లేదా?" అని అరిచాడు.

ఫణి ఆమె వైపు చూశాడు. ఆమె గొడుగు కాస్త అతని వైపు వంచింది.

"ఈయన ఎక్కుతలేడు కండక్టరన్నా. నువ్వు పో."