కొసరు విస్తరి

ఉదయం పది గంటలు. ఫాల్గుణ మాసం. ఎండ అప్పుడే చుర్రుమంటోంది, గాలి లేదు.

వరంగల్ బజారులో రాంచందర్ విస్తర్ల దుకాణం. గల్లా దగ్గర ఆయన, లోపల నేల మీద ఆయన భార్య శోభారాణి. కట్టమ్మ తెచ్చిన మోదుగాకు విస్తర్లను కట్టలు కడుతోంది. కట్టమ్మది తాడ్వాయి అవతల అడవి అంచు ఊరు. ఆకులు ఏరి, సన్నపు పుల్లలతో కుట్టి, వారానికోసారి బస్సులో వేసుకొస్తుంది.

కట్టకు ఇరవై ఐదు. లెక్కపెట్టాక ఇంకొకటి తీసి, "కొసరు" అంటూ మీద వేయాలి. అది ఆ దుకాణం మర్యాద. శోభారాణి మామ పెట్టిన పద్ధతి. ఆమె కాపురానికి వచ్చి ఇరవై రెండేళ్లు. నాలుగు అడిగినా చేయి ఐదే తీస్తుంది. పిల్లలకూ అదే అలవాటైంది.

"అక్కా, కారు బుక్ చేసిన," అంటూ తమ్ముడు మహిపాల్ ఫోను పట్టుకొని వచ్చాడు. "సెల్ఫ్ డ్రైవ్. డ్రైవర్ లొల్లే లేదు. శనివారం పోవుడు, ఆదివారం పగటాల్లకు ఇంట్ల ఉండుడు."

"ఏడికి?"

"మోదుగు పూలు సూడనీకి. రాలకముందే పోవాలె. టెంటు గూడ తెచ్చిన."

"ఇంట్ల మంచాలు ఇరిగినయారా?"

సంచి ఖాళీ చేస్తూ కూర్చున్న కట్టమ్మ పకపకా నవ్వింది. మెట్ల మీద కూర్చున్న కావ్య, హరీష్ నవ్వలేదు. తల్లి ముఖమే చూస్తున్నారు. కావ్య డిగ్రీ చివరి ఏడు. హరీష్ ఇంటర్. మొన్న వానాకాలం వాడికి జ్వరం ముదిరి పదకొండు రోజులు దవాఖానలో ఉన్నాడు. ఒక రాత్రి డాక్టరు కూడా ఆశ వదులుకున్నాడు. అప్పటి నుంచి శోభారాణి రాత్రిపూట లేచి పిల్లల ఊపిరి చూసుకొని పడుకుంటుంది. వాడిని గల్లీ దాటనివ్వదు.

"జర పోదాం అమ్మా," అన్నాడు హరీష్. "ఇంకెన్ని దినాలు గీ ఇంట్ల?"

రాంచందర్ తల ఎత్తలేదు. "నాకు పెండ్లిళ్ల గిరాకి ఉంది, నేను రాను. నువ్వు తోల్కపోతున్నవ్, నువ్వే తోల్కరావాలె శోభా. మల్లొక్కసారి ఆ దవాఖాన మెట్లు ఎక్కే బలం నాకు లేదు."

"తోల్కస్త," అంది.

"మా ఊరి అవతల దున్నక ఇడిసిన పడావు చేను ఉన్నది బిడ్డా," అంది కట్టమ్మ. "సుట్టూత మోదుగు చెట్లే. పొద్దు గూకంగ సూడాలె, అడివి అంటుకున్నట్టే కొడతది." సంచి దులుపుతూ గొంతు తగ్గించింది. "గని ఒక్క ముచ్చట. ఆడ బువ్వ తినేటప్పుడు మంది ఎందరో అన్నే ఆకులు ఎయ్యి. ఎక్కువ ఎయ్యకు."

"ఏస్తే ఏమైతదవ్వా?"

"ఏసిన ఆకు ముందల ఎవలో ఒకలు కూసుంటరు. కూసున్నోళ్లను ఉత్తగ లేపొద్దు. ఎక్కువ పడ్డదనుకో, ఓ ముద్ద పెట్టి ఆడనే ఇడిసి రా."

శోభారాణి సరేనంది. ముడి వేసి కట్ట పక్కన పెట్టింది. ఇరవై ఐదు. కొసరు.

ఆ వారమంతా ఇంట్లో అదే గోల. మహిపాల్ కాగితం మీద దారి గీశాడు. ములుగు, పస్రా, తాడ్వాయి. చాయ్ ఎక్కడ, పెట్రోలు ఎక్కడ. శోభారాణి మందుల సంచి సర్దింది, విప్పింది, మళ్లీ సర్దింది. హరీష్‌కు స్వెటర్ పెట్టింది. వాడు తీసేశాడు. మళ్లీ పెట్టింది. కావ్య డ్రైవింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టి పదిహేను రోజులు.

"నేను గూడ నడుపుత మామా."

"నువ్వు నడిపితే మనం పూలు సూసుడు గాదు బిడ్డా, మన మీద పూలు జల్లుతరు," అన్నాడు మహిపాల్.

శోభారాణి ఆ మాటకు వాడి వీపు మీద ఒక్కటిచ్చింది.

శనివారం సాయంత్రం నాలుగింటికి చేను చేరారు. కట్టమ్మ ఇంటికి తాళం ఉంది. చుట్టాల పెళ్లికి పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. చేనుకు మూడు వైపులా మోదుగు చెట్లు. ఒక్క ఆకు లేదు. కొమ్మ కొమ్మకూ చిలుక ముక్కుల్లా ఎర్రని పూలు. కింద చీలమండ లోతున ఎండుటాకులు, కాలు వేస్తే గలగల. హరీష్ రెండు చేతులూ చాపి ఆ చెట్ల మధ్య పరుగెత్తాడు. ఏడు నెలల తర్వాత వాడు పరుగెత్తడం. శోభారాణి ముఖం తిప్పుకొని కళ్లు తుడుచుకుంది.

వెలుతురు ఉండగానే తినేయాలని ఆమె పట్టు. ఆకుల మీదే చాప పరిచింది. జొన్నరొట్టెలు, వంకాయ కూర, పెరుగన్నం, సకినాలు. హరీష్ విస్తర్ల సంచి తెరిచాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు... కొసరు," అంటూ పరిచేశాడు.

"అయిదోది బావకా?" మహిపాల్ నవ్వాడు. "ఫోటో పెడితే గల్లా కాడికెల్లే తింటడు తియ్యి."

శోభారాణి చూసింది. హరీష్‌కూ కావ్యకూ మధ్య ఖాళీ విస్తరి. కట్టమ్మ మాట గుర్తొచ్చింది. కానీ కొత్త విస్తరి, ఒక మరక కూడా పడలేదు. పొద్దున టిఫినుకు పనికొస్తుంది. విస్తర్ల దుకాణం ఇల్లాలు ఆమె. వాడని విస్తరి పారేసిన చేయి కాదు అది. తీసి, దులిపి, సంచిలో పెట్టింది.

అంతే. ఆమె చేసింది అంతే.

తిన్నాక మహిపాల్ విస్తరిని తన వైపుకు మడిచాడు. "మల్ల రావాలె ఈడికి," అన్నాడు. శోభారాణి అత్త చెప్పేది: కడుపు నిండి, మళ్లీ రావాలనుకున్నవాళ్లు విస్తరిని తమ వైపుకు మడుస్తారు. చావు భోజనం తిన్నవాళ్లు అవతలికి మడుస్తారు, మళ్లీ అలాంటిది తినే రోజు రావద్దని. నలుగురూ తమ వైపుకే మడిచి, గట్టు మీద పడేశారు.

పొద్దు గూకింది. కట్టమ్మ అన్నట్టే, ఒక్క నిమిషం అడవి అంటుకుంది. తర్వాత ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. పిట్టల సద్దు కూడా దాంతోనే ఆగింది.

ముందు వాసన వచ్చింది. అన్నం మాడిన వాసన.

"ఎవలో వండుతున్నరు," అన్నాడు మహిపాల్. చుట్టూ ఎక్కడా మంట లేదు.

వాసన మారింది. పాచిపోయిన అన్నం... ఆ తర్వాత, రోజుల తరబడి తిండి లేక పడి ఉన్న మనిషి నోటి వాసన. శోభారాణికి ఆ వాసన తెలుసు. పదకొండు రోజులు దాని పక్కనే కూర్చుంది.

ఆకులు గలగలమన్నాయి. ఆగాయి. మళ్లీ గలగల... ఆగాయి. గట్టు దగ్గర. ఏదో నాకుతున్న చప్పుడు.

మహిపాల్ టార్చి వేశాడు. గట్టు మీద నాలుగు విస్తర్లూ మడతలు విప్పి, పక్కపక్కనే వరుసగా పరిచి ఉన్నాయి. ఒక్క మెతుకు లేదు. కడిగినట్టున్నాయి.

"కుక్క," అన్నాడు.

కుక్క విస్తర్లను వరుసగా పరచదు.

"లేవుర్రి," శోభారాణి గుసగుసగా అంది. "సామాను పోతే పోనీ. కార్ల కూసోర్రి."

కావ్య లేచింది. హరీష్ లేవలేదు.

"అమ్మా..." పెదవులు కదలకుండా అన్నాడు. "నా పక్కకు ఎవలో కూసున్నరు."

టార్చి తిరిగింది. వాడి పక్కన ఎవరూ లేరు. కానీ చాప అక్కడ కుంగి ఉంది. విస్తరి తీసేసిన చోటు... మనిషి కూర్చుంటే ఎంత కుంగుతుందో అంత.

"నా చెయ్యి పట్టుకున్నది అమ్మా."

కుడి చేయి. అన్నం తినే చేయి.

తర్వాత జరిగింది శోభారాణి ఇప్పటికీ వరుసగా చెప్పలేదు. హరీష్ ముందుకు పడ్డాడు. ఈడ్చుకుపోతోంది. వాడి పొట్ట కింద ఆకులు చిరుగుతున్నాయి. మహిపాల్ కారులోంచి జాకీ రాడ్డు లాగి పరుగెత్తాడు. కనిపించని దాన్ని కొట్టాడు. మొదటి దెబ్బ గాలికి పోయింది. రెండో దెబ్బ తగిలింది, తడి బస్తా మీద కొట్టినట్టు. మూడో దెబ్బకు ఏదో విరిగింది. వెచ్చగా ముఖం మీద చిమ్మింది. "సావు! సావు!" అంటూ కొడుతూనే ఉన్నాడు.

రాడ్డు ఆగింది. ఎవరో పట్టుకున్నట్టు ఆగింది.

అప్పుడు మహిపాల్ అరిచాడు. కటుక్కుమంది. మళ్లీ... కటుక్కు. చెరుకు గడ కొరికినట్టు. తర్వాత నమిలిన చప్పుడు. తొందర లేదు. ఆకలి మీదున్నవాళ్లు, దొరికింది పోదని తెలిశాక నమిలినట్టు.

కావ్య తమ్ముడి కాళ్లు పట్టుకొని వెనక్కి లాగుతోంది. ఆమె జడ ఒక్కసారి పైకి లేచింది. గుంజింది. గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది, ముఖం మీదికి నెత్తురు జారింది. అయినా కాళ్లు వదల్లేదు.

శోభారాణి రాయి అందుకుంది. కొడుకు చేతి పక్కనున్న చీకటిని బాదింది. మళ్లీ బాదింది. మూడోసారి రాయి జారి, చేయి మణికట్టు దాకా దేనిలోకో పోయింది. పళ్లు తగిలాయి. అరచేయి చీరుకుపోయింది. నోరు అది. ఎండిన నోరు. ఎంత లోపలికి పోయినా అడుగు తగలలేదు.

ఆకలి.

అప్పుడు అర్థమైంది. కూర్చున్నవాళ్లను విస్తరి ముందు నుంచి లేపింది తను.

మోకాళ్ల మీద వెనక్కి పాకింది. సంచి... విస్తరి... తీసిన చోటే పరిచింది. పెరుగన్నం గిన్నె బోర్లపడి ఉంది. ఆకుల్లోంచి, మట్టిలోంచి మెతుకులు గోళ్లతో గీరింది. చేతి నెత్తురు అందులో కలిసింది. ముద్ద చేసి పెట్టింది.

"తప్పైంది," అంది. "రా. కూసొని తిను."

నమిలే చప్పుడు ఆగింది. ఆకులు గలగల... దగ్గరికి... ఆమె భుజానికి రాసుకుంటూ పోయింది. చాప కుంగింది. విస్తరి పుల్ల ఒకటి టిక్కుమంది.

ఆమె ఆగలేదు. హరీష్‌ను చంకలో చేయి వేసి లేపింది. కారులో పడ్డారు. మహిపాల్ కుడి చేతికి చున్నీ చుట్టారు. చూపుడు వేలు లేదు. మధ్య వేలు లేదు. ఆ చేయి స్టీరింగ్ పట్టలేదు. డ్రైవరు లేడు.

కావ్య స్టీరింగ్ ముందుకు జరిగి కూర్చుంది. రెప్పల మీది నెత్తురు తుడుచుకుంది.

"క్లచ్చు... మెల్లగ ఇడువు బిడ్డా..." మహిపాల్ పళ్ల బిగువున చెబుతున్నాడు. "మంచిగ నడుపుతున్నవ్..."

తాడ్వాయి లైట్లు కనిపించేదాకా ఎవరూ వెనక్కి చూడలేదు.

దవాఖానలో వీళ్లు ఎలుగుబంటి అని చెప్పారు. చిన్న వయసు డాక్టరు మహిపాల్ చేయి చూశాడు, హరీష్ మణికట్టు చూశాడు, శోభారాణి అరచేయి చాలాసేపు చూశాడు. "ఎలుగ్గొడ్డుకు గిట్ల పండ్లుండయమ్మా," అన్నాడు మెల్లగా. చీటీలో మాత్రం ఎలుగుబంటి అనే రాశాడు.

ఆదివారం సాయంత్రం రాంచందర్ అందరినీ ఇంటికి తెచ్చాడు. ఫోను రాగానే రాత్రే ఇంటికి తాళం వేసి దవాఖానకు వచ్చినవాడు, అప్పుడే తాళం తీశాడు. శోభారాణి అడుగు లోపల పెట్టబోయి ఆగింది.

గడప లోపల, నేల మీద, మోదుగు విస్తరి. మడిచి ఉంది. అంచున ఎండిన పెరుగు, మట్టి. ఆ మట్టి మీద ఆమె నెత్తుటి వేళ్ల గుర్తులు.

మడత ఇంటి లోపలి వైపుకు ఉంది. లోపల కూర్చొని, వీధి వైపు చూస్తూ తిని, తన వైపుకు మడిచినట్టు.

"దుకాణంలదేదో ఎగిరొచ్చినట్టుంది," అంటూ రాంచందర్ వంగాడు.

"ఎత్తకుర్రి!"

ఆయన బిత్తరపోయి చూశాడు. ఆమె దాన్ని దాటకుండా గోడ వారగా నడిచి, చేతికి కట్టుతోనే పొయ్యి మీద అన్నం పెట్టింది. మొదటి ముద్ద తెచ్చి దాని పక్కన పెట్టింది.

ఎనిమిదింటికి కరెంటు పోయింది. అందరినీ ఒకే గదిలో, ఒకే వరుసలో పడుకోబెట్టింది. రాంచందర్ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చొని ఉన్నాడు.

"తోల్కచ్చిన," అంది ఆయనతో.

"సరే. జర ఒరుగు."

ఒరగలేదు. చీకట్లో చేయి చాపి లెక్కపెట్టింది. తను, ఒకటి. కావ్య, రెండు. మహిపాల్, మూడు. చివర గోడ వైపు హరీష్. నుదురు చల్లగా ఉంది, ఊపిరి ఉంది. నాలుగు.

పోయింది నలుగురు. వచ్చింది నలుగురు.

చేయి ఆగలేదు. ఇరవై రెండేళ్ల అలవాటు. హరీష్‌ను దాటి, గోడకూ వాడికీ మధ్య ఉన్న జానెడు చోటులోకి, కొసరు కోసం పోయింది. శోభారాణి ఉలిక్కిపడి చేయి వెనక్కి లాక్కుంది. పిడికిలి బిగించింది.

నిద్రలోనే హరీష్ ఇటు జరిగాడు. ఎవరికో చోటిచ్చినట్టు.

ఆమె మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. తను, ఒకటి. కావ్య, రెండు...