పటంలో లేని మంచం

ఇంట్లో అందరికంటే ముందు లేచేది నాయనమ్మే. లేచీ లేవగానే హాల్లో తను పడుకున్న మడత మంచం చప్పుడు కాకుండా మడిచి, పక్క చుట్టి, రెండిటినీ బాల్కనీలో వాషింగ్ మెషిన్ వెనక్కి చేర్చేది. కొడుకు కళ్ళు నులుముకుంటూ వచ్చేసరికి హాలు హాలులాగే ఉండేది. రాత్రి అక్కడ ఒక మనిషి పడుకుందంటే ఎవరూ నమ్మరు. భర్త పోయాక ఈ ఇంటికి వచ్చిన మర్నాడు మొదలుపెట్టిన పని ఇది. ఎవరూ చెయ్యమనలేదు, వద్దని కూడా అనలేదు.

ఆ తర్వాత ఇల్లు ఖాళీ అయిపోయేది. కొడుకు తన కళ్ళజోళ్ళ దుకాణానికి, కోడలు రక్తపరీక్షల ల్యాబుకి, మనవరాలు బడికి. సాయంత్రం దాకా ఆవిడతో మాట కలిపేది కుక్కర్ ఒక్కటే, అదీ మూడు ముక్కలు చెప్పి ఊరుకునేది. లిఫ్టు ఆగిన చప్పుడైతే తలుపు వైపు చూడటం, అది పక్కింటివాళ్ళ కోసమని తెలిసి మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరుకోవడం. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషికి, రోజంతా ఆ గొంతుతో పనే లేకుండా పోయింది.

ఆవేళ బడికి సెలవు. ఒక చోట నిలవదని అందరూ పిచ్చుక అని పిలిచే మనవరాలు గళ్ళ కాగితం తెచ్చి నాయనమ్మ ముందు పెట్టింది. ఇంటి మ్యాప్ గీసుకు రమ్మన్నారట. నీకు వచ్చా అని అనుమానంగా అడిగింది. నాయనమ్మకు పదేళ్ళ వయసు తగ్గిపోయింది.

ముందు బల్ల మీద గ్లాసు పెట్టి పక్క నుంచి చూడమంది. తర్వాత పిల్లని కుర్చీ ఎక్కించి, పై నుంచి ఏం కనిపిస్తోందో చెప్పమంది. గుండ్రం కనిపిస్తోందంది పిచ్చుక. పటమంటే అంతే, ఇంటి కప్పు తీసేసి పై నుంచి తొంగిచూడటమే అంది నాయనమ్మ. ఇద్దరూ మడమకి వేలు ఆనిస్తూ గదులన్నీ నడిచి కొలిచారు. ఒక్కో పాదానికి ఒక్కో గడి. వంటింటి కిటికీలోంచి పొద్దున ఎండ పడుతుంది కాబట్టి అది తూర్పు, దాన్నిబట్టి ఉత్తరం ఎటో పిచ్చుక తనే కనిపెట్టి గంతులేసింది. తలుపుకి ఒక గుర్తు, కిటికీకి ఒక గుర్తు, మంచానికి ఒక గుర్తు పెట్టుకుని, ఏది దేనికో కాగితం మూలన రాసుకున్నారు.

అంతా బాగానే ఉంది గానీ, పిచ్చుక బాల్కనీలో పక్కింటి పిల్లిని కూడా గీసేసింది. నాయనమ్మ రబ్బరు చేతికిచ్చింది.

"పటంలో ఉన్నచోట ఉండేవే వేస్తాం బంగారం. పిల్లి ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు. నీ పటం పట్టుకుని వచ్చినవాళ్ళు దానికోసం వెతుక్కోవాలా?"

పిచ్చుక నవ్వుతూ పిల్లిని చెరిపేసింది. మిగతాది తనే గీస్తానంటే, నాయనమ్మ మురిసిపోతూ వంటింట్లోకి వెళ్ళింది.

సాయంత్రం కొడుకు, కోడలు వచ్చాక పటం బల్ల మీదకెక్కింది. కొడుకు ముచ్చటపడి గది గదికీ వేలు పెట్టి చూశాడు. ఇది మా మంచం, ఇది నీ మంచం అంటూ వచ్చి, హాలు దగ్గర ఆగి, మరి నాయనమ్మ మంచమేదని అడిగాడు.

"అది రోజూ పొద్దున్నే వెళ్ళిపోతుందిగా నాన్నా," అంది పిచ్చుక పెన్సిల్ చెక్కుకుంటూ. "ఉన్నచోట ఉండేవే వెయ్యాలని నాయనమ్మే చెప్పింది."

పాఠం సరిగ్గానే నేర్చుకుందని నాయనమ్మ నవ్వబోయింది, నవ్వు రాలేదు. దగ్గరున్న కుర్చీలో కూర్చుండిపోయింది.

కోడలికి మాత్రం ఒళ్ళు మండింది. కూతుర్ని కాళ్ళు చేతులు కడుక్కు రమ్మని పంపేసింది.

"బాధుంటే నాతో చెప్పండి అత్తయ్యా. పిల్ల చేత గీయించి బడికి పంపించాలా? రేపు వాళ్ళ టీచర్ మమ్మల్ని ఏమనుకుంటుంది?"

కొడుకు ఊరుకోమన్నాడు. ఎవర్ని ఊరుకోమన్నాడో అతనికే తెలియదు.

"నేను గీయించలేదమ్మాయీ," అంది నాయనమ్మ. "నేనూ ఇప్పుడే చూశాను. చూశాకే నాకూ తెలిసింది."

ఆ మాటతో ఆవిడ కళ్ళు నిండిపోయాయి. భర్త పోయిననాడు కూడా నలుగురిలో కన్నీళ్ళు పెట్టని మనిషి. చిన్న ఇల్లు, మీకు అడ్డమవకూడదని మడిచి పెడుతున్నానని, చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది.

కోడలి కోపం సగంలో ఆగిపోయింది.

"వచ్చిన మర్నాడే మంచం మడిచేశారు. మీ చీరలింకా సంచీలోనే ఉన్నాయి. బీరువాలో మీకని ఒక అర ఖాళీ చేశాను, ముట్టుకోనైనా లేదు. మీకిక్కడ ఉండటం ఇష్టం లేదనుకున్నాను. ఏ రోజు వెళ్ళిపోతానంటారోనని..."

"అది నాకని ఎవరూ చెప్పలేదమ్మా."

"మీరు అడగనూ లేదు."

అడ్డమవుతానేమోనని ఒకరు, అక్కర్లేదేమోనని ఇంకొకరు, ఒకే ఇంట్లో ఇన్నాళ్ళూ నోరు కుట్టుకు కూర్చున్నారు. ఇక పుత్రరత్నం ఊరందరి చూపూ సరిచేస్తాడు గానీ, తన ఇంట్లో రోజూ పొద్దున ఒక మంచం మాయమవుతోందని మాత్రం చూడలేదు. ఇప్పుడు చూశాడు. తల్లి మొహంలోకి చూడలేక, లేచి వెళ్ళి కత్తెర తెచ్చాడు.

పిచ్చుక తిరిగొచ్చాక, మంచానికి ఎన్ని గళ్ళు కావాలని అడిగాడు. పొడవు ఏడు, వెడల్పు మూడు అంది పిచ్చుక. ఆ కొలతకి అట్టముక్క కత్తిరించి పటం మీద పెట్టి, అటూ ఇటూ జరపడం మొదలుపెట్టారు. హాల్లో పెడితే వీధి తలుపు తెరుచుకోదు. పెద్ద గదిలో బీరువా అడ్డం. పిల్ల గదిలోంచి చదువుకునే బల్ల హాల్లోకి తెచ్చేస్తే చోటుందని కోడలు తేల్చింది. టీవీ ఎదురుగా చదువుకోవచ్చని పిచ్చుక సంబరపడితే, ఆ ఆశలేం పెట్టుకోవద్దంది. తర్వాత అట్టముక్క తీసి అత్తగారి చేతిలో పెట్టింది.

"మీరు చెప్పండి అత్తయ్యా. ఎక్కడ కావాలి మీకు?"

ఎక్కడైనా ఫర్వాలేదు అనే మాట పెదవుల దాకా వచ్చింది. ఇన్నాళ్ళూ అన్నిటికీ అదే అంటూ వచ్చింది. ఈసారి దాన్ని మింగేసింది. అట్టముక్కని పిల్ల గదిలో, కిటికీ గుర్తు పక్కన పెట్టింది.

"ఇక్కడ," అంది. "రోడ్డు మీద వచ్చేపోయేవాళ్ళు కనిపిస్తారు నాకు."

పిచ్చుక జిగురు ట్యూబు మూత తీసి, తల్లినీ తండ్రినీ కాక నాయనమ్మనే చూసింది.

"అతికించేయనా? మళ్ళీ తీస్తే కాగితం చిరిగిపోతుంది మరి."

నాయనమ్మ కొడుకుని చూసింది, కోడల్ని చూసింది.

"అతికించు తల్లీ," అంది. "గట్టిగా నొక్కు."