ఆపరేషన్ బాయ్‌కాట్

...అసలు ఆ మనిషిని ఎవరూ కొట్టనైనా కొట్టలేదు. నూట ముప్ఫై ఏళ్ల కిందట ఐర్లాండ్‌లో, రైతుల్ని భూముల్లోంచి గెంటబోయిన కెప్టెన్ బాయ్‌కాట్‌ను ఊరు వెలేసింది, అంతే. పంట కోయలేదు, సరుకులు అమ్మలేదు, పిలిస్తే పలకలేదు. చివరికి అతని పేరే బాయ్‌కాట్ చేయడమనే మాటైపోయింది.

2011 తెలంగాణ సమ్మెలో జనగామ హైవే మీద నిలబడి, ఇంటెలిజెన్స్ ఏజెంట్ హరిలాల్ ఆ కథనే నములుతున్నాడు. పొద్దున మహబూబాబాద్ బ్రీఫింగ్‌లో చెప్పింది బాస్ జగపతి.

"విదేశీ గనుల ముఠా సమ్మెను విరగ్గొట్టాలని చూస్తోంది. భూపాలపల్లిలో డిటొనేటర్లు మాయమయ్యాయి. టార్గెట్ జనగామ. కోడ్‌వర్డ్, బాయ్‌కాట్." తర్వాత నవ్వాడు. "నీ తండా తెలుగులో రిపోర్టివ్వకు. అర్థమై చావదు."

పదకొండేళ్లుగా ఆ నవ్వుకు హరిలాల్ జవాబు ఒకటే: ఎస్ సర్. కోపం జగపతి మీద కాదు, తన నాలుక మీద.

రోడ్డుకు అడ్డంగా ముప్ఫై పొయ్యిలు. వంటావార్పు. ఊళ్లన్నీ అక్కడే వండి అక్కడే తింటున్నాయి. నల్లకళ్లద్దాల యమున అతని పక్కనుంచే వెళ్లింది. పేరుకు టీవీ రిపోర్టర్, డిపార్ట్‌మెంట్‌కు ఇన్ఫార్మర్. ఫోన్‌లో ఒక్కమాటే అంది: "బాయ్‌కాట్." కారెక్కింది.

డబుల్ ఏజెంట్!

హరిలాల్ చూపు దించిన గిన్నెల మీద పరుగెత్తింది. మసి తేలిగ్గా పోవాలని అన్నిటికీ అడుగున మట్టి పూశారు. ఒక్కటి మాత్రం తళతళలాడుతోంది.

"గిదెవరిది, అవ్వా?"

"గా కళ్లద్దాల పిల్ల పెట్టిపోయింది బిడ్డా," అంది వండుతున్న గట్టమ్మ. "మట్టి పూయకుంట కట్టెల పొయ్యికి ఎవరన్న తెస్తరా? తోమి సచ్చేది మనమే."

మూత తీశాడు. అన్నం పొర కింద టైమర్. తొమ్మిది సెకన్లు. అతని నాయిన తోటాలతో బావులు పేల్చినవాడు. హరిలాల్ డిటొనేటర్‌ను పెరికి కాలువలోకి విసిరాడు. టప్‌మంది. టైరు పేలిందనుకున్నారు. యమున కారు పొయ్యిల మధ్య ఇరుక్కుంది. దారివ్వడానికి ఎవరూ లేవలేదు.

"గుడ్," ఇయర్‌పీస్‌లో అంతా వింటున్న జగపతి. "బాంబు ఉద్యమకారులే తెచ్చారని రాసెయ్. ముఠా మాటెత్తకు, పైనుంచి ఫోనొచ్చింది. కేసు పెట్టడానికి ముందు ఆ గిన్నె దగ్గరి ముసలిదాని పేరు కనుక్కో."

హరిలాల్ ఒళ్లు మండిపోయింది. అయినా అలవాటుగా ఎస్ సర్ నాలుక చివరికొచ్చి నిలబడింది.

"ఏంది బిడ్డా, గట్ల నిలవడ్డవ్? కూసోని తిను." గట్టమ్మ విస్తరి వేసింది.

"హరిలాల్? వినిపిస్తోందా?"

కూర్చున్నాడు. ఇయర్‌పీస్ తీసి గట్టమ్మ వార్చిన గంజిలో వేశాడు. అది మునుగుతూ ఇంకోసారి హలో అంది.

ఎవరూ పలకలేదు.