ముట్టుకుంటే కదపాలి

చదరంగం క్లబ్బులో మూల బల్లంటే అందరికీ హడల్. రాజు ముందు బంటును తోసి, దాని పక్క బంటును ఎరవేసే ఎత్తు అక్కడ ఎవరూ వేయరు. అలా మొదలైన ఆటలోనే ఒకడి ప్రాణం పోయిందట మరి!

పావు ఒరిగితే "సర్దుతున్నా" అని చెప్పి ముట్టుకోవాలి. చెప్పకుండా ముట్టుకుంటే దాన్నే కదపాలి. తెల్లపావులవాడు చెప్పకుండా రాజును సర్దాడట. "ముట్టుకున్నావు, కదుపు" అన్నాడు ఎదుటివాడు. మాటా మాటా పెరిగింది... తెల్లపావులవాడు బల్ల మీది ఆట గడియారం, చెక్కది, ఎత్తి, పుర్రె పగిలేదాకా వాణ్ణి మోదాడట.

ఇదంతా ఆ క్లబ్బులోనే ఆడే మన టైలర్‌కు తెలుసు. అయినా ఆ రాత్రి ఒక్కడే ఆ బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఏం చేస్తాడు పాపం! ఏటా ఫైనల్లో సొంత బావమరిది చేతిలోనే చిత్తవుతున్నాడు. "మా తమ్ముడు నిద్రలో కూడా నిన్ను ఓడిస్తాడు" అని పెళ్ళాం దెప్పిపొడుపు. రేపు ఫైనల్ ఆ బల్ల మీదే. ఆ ఎత్తే వేసి వాడి పొగరు దించాలి. అంతకు ముందు, ఈ రాత్రే తన భయం తీరాలి.

కొవ్వొత్తి వెలిగించి, రెండు వైపులా తనే రాజు ముందు బంట్లు తోశాడు. తర్వాత తెల్ల బంటును ఎరవేశాడు...

నల్ల బంటు దానంతటదే కదిలి దాన్ని కొట్టేసింది!

ఉలిక్కిపడి లేవబోయాడు. మోకాలు బల్లకు తగిలి తెల్ల రాజు ఒరిగింది. అలవాటు కొద్దీ వేలితో నిలబెట్టాడు — "సర్దుతున్నా" అనకుండానే. ఉఫ్‌మని కొవ్వొత్తి ఆరిపోయింది. చల్లటి చెయ్యి ఒకటి అతని కుడి మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకున్నావు... కదుపు."

"వదులు! వదలరా!"

ఎవరిదో ఇంకో చెయ్యి భుజం మీద పడింది. ఎడమ చేతికి గడియారం అందింది. ఎత్తి ఆ చెయ్యి వచ్చిన వైపు కొట్టాడు. ఎముక చిట్లిన చప్పుడు. వెచ్చగా మొహం మీద చిందింది. అయినా ఆపలేదు... అవతలివాడి ఊపిరి గురగురమనేదాకా కొట్టాడు.

నేల మీద ఫోను మోగి వెలిగింది. తెర మీద "అక్క" అని ఉంది. ఆ వెలుగులో బావమరిది తల పగిలి పడున్నాడు.

"ఒరేయ్... నువ్వా! నన్ను భయపెడదామని వచ్చావట్రా?"

"కాదు బావా... అక్క పిలుచుకురమ్మంది. కొవ్వొత్తి ఆరేముందు చూశా, నీ ఎదురుగా... తల పగిలినవాడెవడో కూర్చున్నాడు. నిన్ను ఇవతలకి లాగుదామని..."

అంతే, మాట ఆగిపోయింది.

టైలర్ బావురుమని వాడి మీదికి వంగబోయాడు. వంగలేకపోయాడు. మణికట్టు మీది పట్టు ఇంకా వదల్లేదు.

"ఊఁ... కదుపు."