కన్ను లేని ముక్కలు

"కన్ను చూసి కొయ్యవే! ప్రతి ముక్కకీ ఒక్క కన్నయినా ఉండాలి," అంది నాయనమ్మ, విత్తనం బంగాళాదుంపను తిప్పి చూపిస్తూ. దుంప మీదుండే ఆ చిన్న గుంటలోంచే మొలక వస్తుంది.

"తెలుసులే నాయనమ్మా!" అంది తుర్రుపిట్ట. కాలు ఒకచోట నిలవని పిల్ల కాబట్టి ఇంట్లో అందరూ ఆ పేరుతోనే పిలిచేవారు.

దుంపలు నాటే రోజులవి. ఇంటిల్లిపాదీ పొలంలోనే ఉన్నారు. నాన్న సాళ్ళు తీస్తున్నాడు. అమ్మ మట్టి కప్పుతోంది. గట్టు మీద పిల్లలిద్దరూ నాయనమ్మతో కలిసి ముక్కలు కోస్తున్నారు. ముందు బుట్ట నింపినవాళ్ళే సాల్లో ముక్కలు వెయ్యాలని నాన్న చెప్పాడు. పోయినేడు ఆ పని అన్నకే దక్కింది.

ఇక చూసుకోండి, తుర్రుపిట్ట కత్తి చకచకా ఆడింది. కన్నూ లేదు, గిన్నూ లేదు! అన్న బుట్ట సగం కాకముందే తన బుట్ట నిండిపోయింది.

మధ్యాహ్నానికి ఒక పొడవాటి సాలు పూర్తయింది. నాన్న మురిసిపోయాడు.

"ఈ సాలు మొత్తం మా అమ్మాయే వేసిందని అందరికీ చెప్తా!"

తుర్రుపిట్ట బుట్టలోకి చూసింది. అడుగున మిగిలిన ముక్కలు చాలావరకు నున్నగా, బోడిగా ఉన్నాయి. వేసినవాటిలో ఇలాంటివి ఎన్నో! మట్టి కప్పేశారు కాబట్టి ఎవరికీ తెలియదు. కానీ అమ్మ నడుం పట్టుకుని మెల్లగా లేవడం చూసేసరికి పిల్లకి మనసు కలుక్కుమంది.

"నాన్నా, ఇవి మొలవవు. కళ్ళు చూడకుండా కోసేశాను," అంటూ ఏడ్చేసింది.

అన్న నవ్వబోయి నాన్న మొహం చూసి ఆగిపోయాడు.

"నా నడుం విరిగిందే తల్లీ!" అంటూ అమ్మ మళ్ళీ సాల్లో కూర్చుంది. "ఇప్పుడైనా చెప్పావు, నయం. నెల పోయాక తెలిస్తే ఏం చేసేవాళ్ళం?"

నాన్న రెండో కొస నుంచి మట్టి తియ్యడం మొదలుపెట్టాడు. నాయనమ్మ తను కోసిన ముక్కల బుట్ట తెచ్చింది.

"బోడివి ఇటు పడెయ్యండి. కూరకి పనికొస్తాయి."

"వారమంతా అదే కూరా?" అని అన్న ఘొల్లుమన్నాడు. తుర్రుపిట్టకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"అలిసిపోయావు, కాసేపు కూర్చోవే," అంది నాయనమ్మ.

తుర్రుపిట్ట కూర్చోలేదు. మట్టిలోంచి తీసిన ఒక ముక్కను నాలుగువైపులా తిప్పి చూసింది.

"నాయనమ్మా, ఇది కన్నేనా?"

"చిన్నదే. కానీ కన్నే."

ఆ కన్ను పైకి ఉండేలా ముక్కను నెమ్మదిగా సాల్లో పెట్టి, రెండు చేతులతో మట్టి కప్పింది. తర్వాత ఇంకో ముక్క తీసుకుంది.