రెండు గీతలూ ఎగిశాయి

"ఆసుపత్రిలో బాంబుంది," అన్నాడు చీఫ్. "పసిపిల్లల వార్డులో. ఎర్ర వైరు, ఆకుపచ్చ వైరు. ఒకటి కత్తిరిస్తే ఆగుతుంది, రెండోది కత్తిరిస్తే పేలుతుంది. ఏది ఏదో తెలిసినవాడు ఒక్కడే."

ఆ వార్డులో నర్సు ఏజెంట్ నైన్ భార్య. వెంటిలేటర్ల మీదున్న పిల్లల్ని కదపడానికి వీల్లేదు. వాళ్లను వదిలి ఆమె రాదు.

తెలిసినవాడు పక్క గదిలో కుర్చీకి కట్టేసి ఉన్నాడు. విదేశీ ముఠా నాయకుడు, మారుపేరు గడియారం. చంపినా నోరు విప్పే రకం కాదు.

"విప్పక్కర్లేదు," అంది రాణి, లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ. ముఠా దగ్గరా ఇక్కడా కూడా జీతం పుచ్చుకునే డబుల్ ఏజెంట్. ఆవిడ అందాన్ని మెచ్చినవాళ్లు చాలామందే; మాటను నమ్మినవాళ్లు మాత్రం లేరు. "మనిషి ఒకటి అనుకుంటే ఇంకోటి జరిగిందనుకోండి, మెదడు ఎగిరిపడుతుంది. ఈ టోపీలో ఎలక్ట్రోడ్లు దాన్ని గీతగా చూపిస్తాయి. వాడి డెన్‌లో దొరికిన, అచ్చం అలాంటిదే రెండో బాంబు వాడి ముందే పెట్టి వైరు కట్ చేయండి. పేలుతుందనుకున్నది పేలకపోతే గీత లేస్తుంది."

"పేలితే?"

"లోపలి మందు తీసేశాను. పోలికకి మీకూ ఒక టోపీ. పేలదని మీకు తెలుసు కాబట్టి మీ గీత కదలకూడదు. కదిలిందా, అది కట్టర్ చప్పుడుకి ఉలికిపాటే. రీడింగ్ చెల్లదు."

నైన్ లోపలికి వెళ్లాడు. రాణి మందపాటి అద్దం అవతల కూర్చుంది. మరి ఆ అద్దం అడ్డమెందుకు? నిజంగా మందు తీసిందా? గడియారం చావుకు సిద్ధపడ్డవాడిలా తాపీగా నవ్వుతున్నాడు. నైన్ దేవుణ్ని తలుచుకుని ఎర్ర వైరు కత్తిరించాడు.

ఏమీ కాలేదు.

"ఛ!" అంది రాణి ఇయర్‌పీస్‌లో. "రెండు గీతలూ ఎగిశాయి. చప్పుడుకే అయ్యుంటుంది."

"ఆకుపచ్చది చూద్దామా?"

"ఇది పేలదని వాడికి తెలిసిపోయిందిగా. ఇక వాడి గీత ఏమీ చెప్పదు."

ఆసుపత్రిలో బాంబు టైమర్ ఆఖరి నిమిషంలోకి వచ్చింది. పరువు చూసుకునే వేళ కాదు.

"నాది చప్పుడుకి కాదు," అన్నాడు నైన్. "చచ్చాననే అనుకున్నాను. పేలకపోయేసరికి అదిరిపడ్డాను."

"మందు తీశానని చెప్పానుగా?"

"నమ్మలేదు."

అద్దం అవతల ఆవిడ ముఖం చిన్నబోయింది. మరుక్షణం గీతల మీదకు వంగింది. "రెండూ ఒకే అచ్చు. అంటే వాడూ చావే అనుకున్నాడు. పేలేది ఎర్రది!" ఆసుపత్రికి కలిపిన మైకులో అరిచింది: "ఆకుపచ్చది కట్ చేయండి!"

నైన్ ఇయర్‌పీస్‌ని చెవికి అదుముకున్నాడు.

"ఆగింది," అంది ఆసుపత్రి నుంచి ఒక గొంతు. "ఒక్క సెకను మిగిలింది."

గడియారం మొదటిసారి నోరు విప్పాడు. అన్నీ బూతులే.

నైన్ భార్యకు ఫోన్ చేశాడు. "ఇవాళ పెందలాడే ఇంటికొస్తాను."

"ఎవరండీ మాట్లాడేది?" అందామె.

రాణి టోపీల వైర్లు చుట్టబెడుతూ అంది: "ఈ టోపీ ఆవిడ తలకుండాల్సింది. గీత కాగితం దాటేసేది."